ధర్మరాజు రెండోసారి ఇచ్చిన జవాబు

అమ్మా, మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెబుతాను. నేను తప్పుగా అర్థం చేసుకుని ఉంటే ఇక్కడే బయటపడుతుంది.

నాన్నగారు పోయి రెండేళ్లయింది. ఆయన కట్టించిన ఇంటి మీద, ఊళ్లో ఆయన కొన్న రెండెకరాల మీద మీ హక్కు వదులుకుంటున్నట్టు దస్తావేజు రాసిమ్మని అన్నయ్య అడుగుతున్నారు. ఆ అడగడం అడిగినట్టు ఉండదు. "నువ్వు అర్థం చేసుకునేదానివి, చెల్లాయిలా పంతాలకు పోయే మనిషివి కావు" అని మొదలవుతుంది. మీ భర్త ఊళ్లో లేని రోజున, రాత్రి పదిన్నరకు ఫోను వస్తుంది. రేపు ఉదయానికే రిజిస్ట్రేషన్ ఆఫీసులో స్లాట్ తీసుకున్నాం, వచ్చి సంతకం పెట్టి వెళ్లు అంటారు. ఆలోచించుకుంటానని మీరు అంటే వారం పాటు ఆ ఇంట్లో ఎవరూ మీతో మాట్లాడరు. ఎనిమిదో రోజున వదినగారు చీర, పసుపు కుంకుమలు పంపుతారు. అమ్మ ఫోనులో ఏడుస్తుంది. ఇప్పుడు మీ బాబాయిగారు ఈ ఆదివారం మీ ఇంటికి వస్తున్నారు. "రామాయణ భారతాలు ఓర్పునూ త్యాగాన్నీ నేర్పుతాయని చిన్నప్పటి నుంచీ విన్నాను. సంతకం పెట్టకపోతే అధర్మం అవుతుందా? మనసును మెలిపెట్టి పని జరిపించుకునే వాళ్లతో ఎలా మెలగాలో మన గ్రంథాలు ఏమైనా చెబుతాయా?" అని అడిగారు.

చెబుతాయి. కాకపోతే మనం పెద్దల నోట వినే భాగాల్లో ఆ సంగతి ఉండదు. ఓర్చుకున్న సీతను, అడవికి వెళ్లిన రాముణ్ని మనకు పదేపదే చూపిస్తారు. ధర్మరాజు ఉపప్లావ్యం అనే ఊళ్లో కూర్చుని, ధృతరాష్ట్రుడి దూతగా వచ్చిన సంజయుడికి ఇచ్చిన జవాబును ఏ పెళ్లిలోనూ, ఏ పంచాయతీలోనూ ఎవరూ ఆడపిల్లకు చెప్పగా నేను వినలేదు.

నేను ముప్పై ఒక్క ఏళ్లు కళాశాలలో తెలుగు పాఠం చెప్పాను. చెప్పినన్నాళ్లూ భారతంలో పద్యాల అందం చూసి మురిసిపోయాను. పదవీ విరమణ తర్వాత పదకొండేళ్లుగా ఆస్తి తగాదాల్లో, ఆలుమగల తగాదాల్లో మధ్యవర్తిగా కూర్చుంటున్నాను. ఆ గదుల్లో మనుషులు ఎలా మాట్లాడతారో విన్నాకే, యుద్ధానికి ముందు రాయబారాలు నడిచే ఉద్యోగపర్వం నాకు నిజంగా అర్థమైంది. అంతకు చాలా ముందే నేనూ దెబ్బతిన్నాను. 1998లో దగ్గరి బంధువు ఒకరు అప్పుకు హామీ సంతకం అడిగారు. "మన వాళ్లందరిలో మాట మీద నిలబడే మనిషివి నువ్వొక్కడివే" అన్నారు. ఆ మాటకు నేను ఎంత సంతోషించానో ఇప్పటికీ గుర్తుంది. అప్పు కాగితం పూర్తిగా చదవకుండానే సంతకం పెట్టాను. ఆ తర్వాత నాలుగేళ్లు నా జీతంలోంచి వాయిదాలు కట్టాను. అందులో నాకు దురాశ ఏమీ లేదు, ఆయన నాకు ఏ లాభమూ చూపలేదు. మాట మీద నిలబడతాననే నా పేరునే పట్టుకుని నన్ను నడిపించారు.

ఇది మీరు ముందుగా గమనించాలి. మాయ చేసేవాడికి మన దుర్గుణం దొరికితే సరే, దొరకకపోతే మన సుగుణమే పగ్గంగా పనికొస్తుంది. పెద్దల మాట కాదనలేకపోవడం, గొడవ అంటే వెనుకాడటం, అమ్మ కన్నీళ్లు చూడలేకపోవడం, ఇవన్నీ మంచి గుణాలే. ఆ గుణాలు ఎవరిలో ఎంత ఉన్నాయో ఇంట్లోవాళ్లకు తెలిసినంతగా బయటివాళ్లకు తెలియదు.

సభాపర్వంలో ధర్మరాజుకు జరిగింది అదే. జూదం అంటే అతనికి ఇష్టం ఉంది, ఆడటం చేతకాదు అని శకుని ముందే లెక్క వేసుకున్నాడు. ఆ బలహీనత ఉన్న మాట నిజం. కానీ అతణ్ని ఇంద్రప్రస్థం గుమ్మం దాటించింది ఆ ఇష్టం కాదు. ధృతరాష్ట్రుడు కొత్త సభ కట్టించి, చూడటానికి రమ్మని విదురుడితో కబురు పంపాడు. పిలుస్తున్నది పెదతండ్రి, పిలవడానికి వచ్చినవాడు అందరూ నమ్మే విదురుడు. అక్కడ మోసపు జూదరులు ఉన్నారని ధర్మరాజు విదురుడి నోటనే విన్నాడు. అయినా తండ్రి వంటివాడు పిలిస్తే కొడుకు కాదనకూడదని బయలుదేరాడు. సర్వం పోయి, ద్రౌపది కోరిన వరాలతో విడుదలై ఇంద్రప్రస్థానికి తిరిగి వెళ్తూ, దారిలో ఉండగానే రెండోసారి పిలుపు వచ్చింది. ఇది వినాశనానికే అని తెలిసి కూడా ముసలాయన ఆజ్ఞను దాటలేనని వెనక్కి తిరిగాడు. పన్నెండేళ్ల వనవాసం, ఒక ఏడాది అజ్ఞాతవాసం ఆ తిరగడం వల్ల వచ్చినవే.

పాఠం చెప్పే రోజుల్లో ఈ ఘట్టాన్ని నేను ధర్మరాజు గొప్పతనంగా చెప్పేవాణ్ని. ఇప్పుడు అలా చెప్పను. ఆ ఒక్క గుణం వల్ల తమ్ముళ్లు, భార్య, తల్లి పదమూడేళ్లు ఏం అనుభవించారో తెలిశాక చెప్పలేను.

ఇక ఉద్యోగపర్వానికి రండి. పదమూడేళ్లు గడిచాయి. పాండవులు ఉపప్లావ్యంలో ఉన్నారు. ద్రుపదుడి పురోహితుడు హస్తినకు వెళ్లి, మాట ప్రకారం రాజ్యభాగం ఇవ్వమని అడిగి వచ్చాడు. దానికి బదులుగా ధృతరాష్ట్రుడు సంజయుణ్ని పంపాడు. సంజయుడు ఏమి తెచ్చాడో జాగ్రత్తగా చూడండి. రాజ్యభాగం ఇస్తామనే మాట అతని దగ్గర లేదు. ఇవ్వబోమనే మాటను కూడా అతను సూటిగా చెప్పలేదు. ధర్మరాజు మంచితనాన్ని పొగిడాడు. మీ వంటివారు పాపపు పనికి పూనుకుంటే తెల్లని బట్ట మీద కాటుక మరకలా కనిపిస్తుందన్నాడు. బంధువులను చంపి గెలిచే గెలుపు గెలుపేనా అన్నాడు. ఈ జీవితం ఎంతకాలం అన్నాడు. చివరకు, కౌరవులు యుద్ధం లేకుండా నీ భాగం ఇవ్వకపోతే యుద్ధం చేసి రాజ్యం పొందడం కన్నా కృష్ణుడి వంశంవారైన అంధక వృష్ణుల రాజ్యంలో బిచ్చమెత్తుకుని బతకడం నీకు మేలు అన్నాడు.

ఆ మాటలన్నీ విడివిడిగా చూస్తే నిజాలే. జీవితం క్షణికం, యుద్ధం పాపం, బంధువులు బంధువులే. ఆ నీతి అంతా ఒక్క పక్కకే చెబుతున్నారన్నదే అందులోని కిటుకు. తీసుకున్నవాడికి జీవితం శాశ్వతమట, పోగొట్టుకున్నవాడికి మాత్రం క్షణికమట. మీ అన్నయ్య "ఆస్తులు వెంట వస్తాయా, బంధాలు ముఖ్యం" అన్నారని రాశారు. ఆస్తులు వెంట రావన్నది నిజమే. ఆ మాట మీకు చెబుతున్న ఆయనకు కూడా అవి వెంట రావు కదా. ఎవరైనా మీకు వేదాంతం చెప్పినప్పుడు, దాన్ని చెప్పినవాడికి కూడా వర్తింపజేసి చూడండి. అక్కడ నిలవకపోతే అది పని జరిపించుకోవడానికి తెచ్చిన మాట.

శ్రీకృష్ణుడు సంజయుడికి ఇచ్చిన జవాబు సరిగ్గా ఈ తూకమే. ఎవరూ చూడకుండా సొమ్ము ఎత్తుకుపోయినా, చూస్తుండగా బలవంతాన లాక్కున్నా ఇద్దరూ దొంగలే, దుర్యోధనుడికీ వాళ్లకూ ఏమిటి తేడా అని అడిగాడు. నిండు సభలో ద్రౌపదిని నిలబెట్టిన రోజున ఈ ధర్మపన్నాలు ఎక్కడికి పోయాయని అడిగాడు. కృష్ణుడు అక్కడ తనంతట తాను దూరలేదు. ధర్మరాజే, వాసుదేవుడు రెండు పక్షాల మేలూ కోరేవాడు, ఇది ధర్మమో అధర్మమో ఆయన చెప్పాలి అని మాట ఆయనకు వదిలాడు. జూదసభలో ఒంటరిగా నిర్ణయం తీసుకున్న మనిషి, ఈసారి నమ్మదగిన మూడో మనిషి ఎదుట మాట్లాడాడు. పదమూడేళ్లలో అతను నేర్చుకున్న మొదటి సంగతి ఇది. మీకు రాత్రి పదిన్నరకే ఫోను ఎందుకు వస్తుందో, మీ భర్త ఊళ్లో లేనప్పుడే ఎందుకు వస్తుందో ఆలోచించండి. ఇక నుంచి ఈ విషయం మీద ఫోనులో, ఒంటరిగా మాట్లాడకండి. "ఆదివారం అందరం కూర్చున్నప్పుడు మాట్లాడుకుందాం అన్నయ్యా" అని ఒక్క వాక్యం చెప్పి, వెంటనే అమ్మ ఆరోగ్యం గురించి అడగండి.

మరి ధర్మరాజు ఏమన్నాడు? ఆ జవాబును నేను ఇప్పటికి ఎన్నిసార్లు చదివానో లెక్క లేదు. మొదట సంజయుడి మీద అతనికి కోపం రాలేదు. నువ్వు మాకు ఇష్టమైన దూతవు, నీ మాటలు వినడానికి బాగుంటాయి అన్నాడు. తర్వాత హస్తినలో ఉన్నవాళ్లను పేరుపేరునా అడిగాడు. పెద్దలనూ, గురువులనూ అడిగాడు. ఇంటి ఆడవాళ్లను అడిగాడు. వంటవాళ్లు, దాసీలు, కుంటివాళ్లు, గుడ్డివాళ్లు ఎలా ఉన్నారో అడిగి రమ్మన్నాడు. ఇదంతా నటన అనుకోకండి, అతని మనసు అలాంటిదే. పెదతండ్రి మీద గౌరవం అతనిలో ఏమాత్రం తగ్గలేదు. తగ్గింది ఒక్కటే, ఆ గౌరవాన్ని చూపించి తన హక్కు రాయించుకోనివ్వడం. పెద్దమనిషికి నమస్కారం వేరు, పెద్దమనిషి పెట్టమన్న చోట సంతకం వేరు అని అతనికి అప్పటికి తెలిసింది.

ఆ తర్వాత అడిగాడు. కుశస్థలం, వృకస్థలం, మాకంది, వారణావతం, వీటికి తోడు మీకు తోచిన మరొక ఊరు, మొత్తం ఐదూళ్లు ఇవ్వండి, మేము శాంతిస్తాం అన్నాడు. చివరగా, శాంతికీ నేను సిద్ధమే, యుద్ధానికీ సిద్ధమే, మెత్తదనానికీ తగుదును, కాఠిన్యానికీ తగుదును అన్నాడు.

ఐదూళ్లు అడగడాన్ని చాలామంది ధర్మరాజు మెతకదనం అంటారు. నాకు అలా అనిపించదు. అర్ధరాజ్యం అడిగితే ఎక్కువ అడిగాడని సాకు చెప్పవచ్చు. ఐదూళ్లు అడిగితే సాకు మిగలదు. అవతలివాడికి నిజంగా శాంతి కావాలో, అంతా తనకే కావాలో ఆ చిన్న కోరిక తేల్చేసింది. సూదిమొన మోపినంత నేల కూడా ఇవ్వనని దుర్యోధనుడు తన నోటితోనే అన్నాడు. ఆ మాట వచ్చాక భీష్ముడు, ద్రోణుడు సహా సభలో ఎవరికీ అనుమానం మిగల్లేదు.

మీరు చేయవలసింది కూడా ఇలాంటిదే. ఇంతవరకు అన్నయ్యకు మీరు "ఆలోచిస్తాను" అన్నారు, లేదా ఏడ్చారు, లేదా ఫోను పెట్టేశారు. మీకు ఏమి కావాలో మాత్రం ఒక్కసారి కూడా చెప్పలేదు. చెప్పని కోరికను ఎవరైనా ఎలాగైనా చిత్రించవచ్చు. మీ వదినగారు చుట్టాల్లో "ఆవిడకు ఇల్లు మొత్తం కావాలట" అంటున్నారంటే, మీరు చెప్పకపోవడం కూడా అందుకు చోటిచ్చింది. కాబట్టి ఒక కాగితం మీద నాలుగు వాక్యాలు రాసుకోండి. చట్టం తెలిసిన లాయరు దగ్గర ఒక గంట కూర్చుని మీ భాగం ఎంతో ముందు తెలుసుకోండి. నాన్నగారు వీలునామా రాయకుండా పోయి ఉంటే, ఆయన సొంత సంపాదన మీద 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు సమాన భాగాలు. తాతల నాటి ఆస్తి ఏమైనా ఉంటే దానికి, కూతుళ్లకు కొడుకులతో సమానంగా హక్కు ఇచ్చిన 2005 సవరణ వర్తిస్తుంది. పుట్టింటి దయగా మీరు దాన్ని అడగనక్కరలేదు. తెలుసుకున్నాక, మీరు వదులుకోదలిస్తే ఎంత వదులుకుంటారో, దేన్ని వదులుకోరో మీరే రాయండి. వదులుకోవడం తప్పు కాదు. ఏమి వదులుకుంటున్నారో తెలియకుండా, ఎవరో తొందరపెడితే వదులుకోవడం త్యాగం కాదు.

ఇక్కడ ఒక మాట మీకు కష్టంగా ఉన్నా చెప్పాలి. నాన్నగారు మంచం పట్టిన మూడేళ్లూ అన్నయ్యే చూసుకున్నారని మీరే రాశారు. ఆస్పత్రి ఖర్చు ఎక్కువ ఆయనే పెట్టుకున్నారు. ఆయన మాట్లాడే తీరు తప్పే. ఆయన చేసిన సేవ మాత్రం నిజం. ఆ ఖర్చు లెక్క కట్టి, అది ముందు తీసి పక్కన పెట్టి, మిగిలింది పంచుకుందామని ఆ కాగితంలో మీరే రాయండి. అవతలివాడు మెలికలు తిప్పుతున్నాడని అతనికి న్యాయంగా రావలసింది కూడా కాదంటే, ధర్మరాజు జవాబు మీ నోటికి సరిపోదు.

బాబాయిగారి సంగతి. మీరు ఆయన మీద కోపంగా ఉన్నారు. ఉండకండి. ఆయన ఈ కథలో సంజయుడు. తనవి కాని మాటలు మోసుకొస్తున్న మంచి మనిషి. ఉపప్లావ్యంలో గౌరవం పొంది తిరిగి వెళ్లిన సంజయుడు ఆ రాత్రే ధృతరాష్ట్రుణ్ని కలిసి, ఈ నింద నీదే అని ముఖం మీద చెప్పాడు. మిగిలింది రేపు సభలో చెబుతానని వెళ్లిపోయాడు. ఆ రాత్రి ముసలాయనకు నిద్ర పట్టలేదు. విదురుణ్ని పిలిపించుకున్నాడు. నిద్ర పట్టనిది ఎవరికి అని విదురుడు చెప్పిన జాబితాలో బలవంతుడి చేత చిక్కిన బలహీనుడు ఉన్నాడు, సర్వం పోగొట్టుకున్నవాడు ఉన్నాడు, కాముకుడు ఉన్నాడు, దొంగ కూడా ఉన్నాడు. వీటిలో ఏదీ నిన్ను పట్టలేదు కదా అని అడిగాడు. మీరు బాబాయిగారికి మంచి భోజనం పెట్టి, మీ కాగితం చేతికిచ్చి, "ఇందులో అన్యాయం ఏమైనా ఉంటే మీరే దిద్దండి బాబాయ్" అంటే, ఆయన తిరిగి వెళ్లేటప్పుడు మీ మాట కూడా మోసుకెళతారు. ఆయన మీద అరిస్తే అన్నయ్యకు మీరిచ్చే కానుక అదే.

అమ్మ ఏడుపు గురించి మీరు ఎక్కువ బాధపడ్డారు. మీ వాక్యాలన్నీ చివరకు అక్కడికే వచ్చి ఆగుతున్నాయి. దీనికి భారతం కన్నా రామాయణం మేలు. మంథర కైకేయి గదిలోకి వెళ్లినప్పుడు ఏం జరిగిందో గుర్తు తెచ్చుకోండి. రామపట్టాభిషేకం అనగానే కైకేయి పొంగిపోయి ఆభరణం తీసి మంథరకు ఇచ్చింది. నాకు రాముడూ భరతుడూ వేరు కాదు అంది. అది ఆమె అసలు మనసు. మంథర ఆ ఆభరణాన్ని విసిరికొట్టింది. ముందు అవమానం చూపించింది, నువ్వు కౌసల్య ఎదుట చేతులు కట్టుకుని నిలబడతావు అంది. అది సరిగ్గా పారలేదు. తర్వాత బిడ్డను చూపించింది, రాముడి చేతిలో భరతుడికి ముప్పు అంది. చివరగా కైకేయి మనసులో ఏ మూలో నిజంగా ఉన్న పశ్చాత్తాపాన్ని తవ్వింది. భర్త ప్రేమ నీదేనన్న గర్వంతో ఒకప్పుడు కౌసల్యను చులకన చేశావు, ఆవిడ పగ తీర్చుకోకుండా ఉంటుందా అంది. కైకేయి అక్కడ పడిపోయింది. అబద్ధం కన్నా, అబద్ధంలో కలిపిన చెంచాడు నిజం ఎక్కువ పని చేస్తుంది. అన్నిటికీ మించి గడువు ఒక్క రాత్రే. భరతుడు మేనమామ ఇంట్లో ఉన్నాడు. అడిగి తెలుసుకోవడానికి వ్యవధి లేదు. కొడుకుతో ఒక్కసారి మాట్లాడి ఉంటే కైకేయికి నిజం తెలిసేది, ఎందుకంటే తిరిగి వచ్చాక భరతుడు ఆ రాజ్యాన్ని ముట్టుకోనే లేదు.

మీ అమ్మగారు ఇందులో మంథర కారు. ఆవిడ కైకేయి స్థానంలో ఉన్నారు. కూతురు భాగం అడిగితే ఇల్లు అమ్మేస్తారు, డెబ్బై ఏళ్ల వయసులో నువ్వు ఎక్కడికి పోతావు అని ఆవిడతో ఎవరో అంటున్నారు. ఎవరంటున్నారో వెతకకండి. ఆవిడ భయానికి జవాబు చెప్పండి. అమ్మ బతికి ఉన్నంతకాలం ఇల్లు అమ్మకూడదు, ఆ ఇంట్లో ఉండే హక్కు ఆవిడదే అని మీ కాగితంలో మొదటి వాక్యంగా రాయండి. వీలైతే ఆవిడను ఒక పది రోజులు మీ ఇంటికి తెచ్చుకోండి. ఆ పది రోజుల్లో ఆస్తి మాట ఎత్తకండి. ఆ వాక్యం మాత్రం ఒకసారి చదివి వినిపించండి. నేను చూసిన తగాదాల్లో సగం తల్లులు ఈ ఒక్క భరోసాతో ఏడుపు మానారు. మిగిలిన సగంలో ఫలితం లేదు, అది కూడా మీకు తెలియాలి.

మీలాగా సొంత ఇల్లు, జీతం, అండగా భర్త ఉన్నవాళ్లు "కాదు" అని బయటికి చెప్పగలరు. అందరూ చెప్పలేరు. మాయ చేసేవాడి ఇంట్లోనే ఉంటూ, అతని చేతి అన్నం తింటున్న ఆడపిల్ల ఎవరైనా ఇది చదువుతుంటే ఆమె కోసం వారణావతం గుర్తు చేస్తాను. లక్క ఇంట్లో దిగిన మొదటి రోజే నేతి వాసన, లక్క వాసన పట్టి ధర్మరాజు సంగతి గ్రహించాడు. వెళ్లిపోదాం అని భీముడు అన్నాడు. మనకు తెలిసిపోయిందని, ఈ ఇంటికి నిప్పు పెట్టడానికి దుర్యోధనుడు ఉంచిన పురోచనుడికి తెలిస్తే వాడు వెంటనే తెగిస్తాడు, మనకిప్పుడు ఆశ్రయం లేదు, సొమ్ము లేదు, తెలియనట్టే ఉందాం అని ధర్మరాజు ఆపాడు. విదురుడు పంపిన మనిషి నేల కింద సొరంగం తవ్వాడు. పాండవులు పగలు వేటకు తిరిగి దారులన్నీ తెలుసుకున్నారు. దాదాపు ఏడాది అలా గడిపాకే బయటపడ్డారు. నీ మోసం నాకు తెలిసిపోయింది అని అనేయాలని ఎవరికైనా ఉంటుంది. సొరంగం పూర్తయ్యేదాకా ఆ మాట అనకండి. సొరంగం అంటే ఈ రోజుల్లో మీ పేరున ఉన్న బ్యాంకు ఖాతా, మీ చదువు కాగితాలు, మీరు ఏ రాత్రయినా వెళ్లి తలుపు తట్టగల ఒక ఇల్లు. కొట్టే మనిషి అయితే దీనికి కూడా ఆగవద్దు, మహిళలకు ఉన్న 181 నంబరుకు ఫోను చేయండి.

నిద్ర పట్టని ఆ రాత్రి విదురుడు ధృతరాష్ట్రుడికి చెప్పిన మాటలనే విదురనీతి అంటారు. అందులో ఒక మాటను ఎక్కువమంది పట్టుకుంటారు. ఎవడు మనతో ఎలా ఉంటే వాడితో అలా ఉండటమే ధర్మం, మాయావితో మాయగానే నడవాలి, మంచివాడితో మంచిగా నడవాలి అని. దాన్ని చూపించి నా దగ్గరకు వచ్చి, దొంగ రసీదులు పుట్టించవచ్చా, దొంగచాటుగా మాటలు రికార్డు చేసి చుట్టాలందరికీ పంపవచ్చా అని అడిగినవాళ్లు ఉన్నారు. వద్దనే చెప్పాను. అదే విదురుడు, అదే రాత్రి, కోపాన్ని కోపం లేకుండా గెలవాలి, చెడ్డవాణ్ని మంచితనంతో గెలవాలి అని కూడా చెప్పాడు. ఈ రెండింటిలో ఏది పట్టుకోవాలి అన్నది పండితులు వాదించుకోవచ్చు. నేను రెంటినీ ఇలా కలుపుకున్నాను. మాయావి తీరు తెలుసుకుని దానికి తగ్గ జాగ్రత్త తీసుకోవడంలో మొదటి మాట పాటిస్తాను. నా నోటి నుంచి వచ్చే మాట విషయంలో రెండోది పాటిస్తాను. లక్క ఇంట్లో పాండవులు సొరంగం సంగతి పురోచనుడికి చెప్పలేదు, అది మొదటిది. మీ కాగితంలో మాత్రం ఒక్క అబద్ధం కూడా ఉండకూడదు. ఒక్కటి దొరికినా, అప్పటి నుంచి తగాదా మొత్తం దాని చుట్టూనే తిరుగుతుంది.

ఆదివారం తర్వాత రెండు రకాలుగా జరగవచ్చు. అన్నయ్య ఒప్పుకోవచ్చు. ఒప్పుకుంటే సంతోషించండి, కానీ ఆ సంతోషంలో కాగితం పని వాయిదా వేయకండి. ఆ రాత్రంతా విదురుడు చెప్పింది విని ధృతరాష్ట్రుడు ఏమన్నాడో తెలుసా? నువ్వు చెప్పింది నిజమే, పాండవుల విషయంలో నా బుద్ధి కూడా అలాగే ఉంటుంది, దుర్యోధనుణ్ని చూడగానే మళ్లీ తిరగబడుతుంది అన్నాడు. అబద్ధం చెప్పలేదు ఆయన. ఆ క్షణాన నిజంగానే ఒప్పుకున్నాడు. మనిషి మన ఎదుట ఒప్పుకున్న మాట, ఇంటికి వెళ్లి ఇంకొకరి ముఖం చూశాక నిలుస్తుందో లేదో అతనికే తెలియదు. అందుకే అనుకున్నదాన్ని అక్కడే రాసి, బాబాయిగారి సాక్షి సంతకంతో తలా ఒక ప్రతి ఉంచుకోండి. ఆ కాగితంతో భాగాలు పంచినట్టు కాదు, అనుకున్న మాటకు సాక్ష్యం మాత్రమే. తర్వాత లాయరు చేత సక్రమంగా దస్తావేజు రాయించి రిజిస్టరు చేయించుకోవాలి.

ఒప్పుకోకపోతే మొదట మౌనం వస్తుంది. ఈసారి అది వారం కాకుండా రెండు నెలలు ఉండవచ్చు. ఆ మౌనం మీ మీద వేసిన ఒత్తిడి అని తెలుసుకుంటే సగం బరువు తగ్గుతుంది. మీరు మాత్రం మౌనంగా ఉండకండి. పండక్కి ఫోను చేయండి, పిల్లల పుట్టినరోజులకు చేయండి. ఆ తర్వాత ఏదో ఒక రోజు ఉన్నట్టుండి ప్రేమ పొంగుతుంది. జరిగిందేదో జరిగింది, దసరాకు నువ్వొక్కదానివీ వచ్చి నాలుగు రోజులు ఉండు అంటారు. ధృతరాష్ట్ర కౌగిలి అనే మాట మన వాడుకలో ఊరికే పుట్టలేదు. యుద్ధం అయ్యాక ముసలాయన భీముణ్ని కౌగిలించుకుంటానని పిలిచాడు. కృష్ణుడు ఆ కౌగిలి వద్దనలేదు. భీముడి బదులు ఇనుప బొమ్మను ముందుకు నెట్టాడు. బొమ్మ నుగ్గయింది, ముసలాయన నెత్తురు కక్కుకుని, భీముణ్ని చంపానని ఏడ్చాడు. చూడండి, ఆ ఏడుపు కూడా నిజమే. కోపం పోయాక ఆయన మిగిలిన పాండవులతో పాటు భీముణ్ని నిజంగానే దగ్గరికి తీసుకున్నాడు. కాబట్టి పిలిస్తే వెళ్లండి. మీ భర్తతోనో చెల్లెలితోనో కలిసి వెళ్లండి. ఆధార్ కార్డు ఇంట్లో పెట్టి వెళ్లండి. సంతకం మాట వస్తే, మా లాయరు చదవకుండా నేను ఏదీ సంతకం చేయనని నవ్వుతూ చెప్పండి.

సంగతి మీ వైపు తేలిపోయి, చుట్టాల్లో వదినగారి మాటలు బయటపడిన రోజున మాత్రం జాగ్రత్త. మంథరను శత్రుఘ్నుడు జుట్టు పట్టుకుని ఈడుస్తుంటే భరతుడే ఆపాడు. ఈ గూనిదాన్ని మనం చంపామని తెలిస్తే రాముడు మనతో మాట్లాడడు అన్నాడు. ఆ ఇంట్లో మీ అమ్మ ఇంకా వదినగారి చేతి అన్నమే తినాలి.

ఆదివారానికి ఇంకా నాలుగు రోజులు ఉన్నాయి. రేపు లాయరును కలవండి. ఎల్లుండి రాత్రి మీ భర్తతో, చెల్లెలితో కూర్చుని ఆ కాగితం రాయండి, ఒక పేజీ దాటనివ్వకండి. శనివారం అమ్మకు ఫోను చేసి మోకాళ్ల నొప్పి ఎలా ఉందో, మందులు వేసుకుంటున్నారో లేదో అడగండి. బాబాయిగారికి గోంగూర పచ్చడి ఇష్టమని రాశారు కదా, అది చేసి పెట్టండి.